ఓడని బయటి నుంచి చూడని వంటాయన

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో దాలయ్య అని ఒకాయన ఉండేవాడు. కాళ్ళు ఆడించకు, దుప్పటి జారిపోతోంది. ఊఁ కొడితేనే చెప్తాను.

ఆ దాలయ్య సరుకులు మోసే పెద్ద ఓడలో వంటవాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ముప్పై మందికి వండి పెట్టాడు. ఆ తర్వాత ఓడ ముసలిదైపోయింది. ఎక్కడికో తీసుకెళ్ళి ముక్కలు చేసేశారు. అప్పుడు దాలయ్య పెట్టె పట్టుకుని ఊరికొచ్చాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. ఊళ్ళో పెద్దవాళ్ళు ఆయన్ని మర్చిపోయారు, చిన్నవాళ్ళకి ఆయనెవరో తెలీదు.

ఒక్కడికి వండుకోవడం ఆయనకి చేతకాలేదు. బియ్యం ఎంత తగ్గించి పోసినా ముగ్గురు తినే అన్నం అయ్యేది. మిగిలింది కాకులకి వేసి, గుమ్మంలోకి చూస్తూ కూర్చునేవాడు. ఎదురుగా ఒక్క మనిషి కూర్చుని తింటే చాలు, అదే ఆయన కోరిక. అంత చిన్న కోరికే తీరలేదు పాపం.

అప్పుడు ఏమనుకున్నాడంటే, ఆ ఓడనే చిన్నది చేసి గూట్లో పెట్టుకుంటే ముప్పై మందీ ఇంట్లో ఉన్నట్టుంటుంది కదా అనుకున్నాడు.

మొదటి ఓడ అట్టముక్కలతో చేశాడు. వంటవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది, జిగురుకి మైదాపిండి ఉడికించాడు, రుచి చూసి మరీ చిటికెడు ఉప్పేశాడు. తెల్లారేసరికి చీమలు బారులు తీరి ఓడని తినేశాయి. "పోనీలే, మీరైనా తిన్నారు" అన్నాడు చీమలతో.

రెండోది మునగ కర్రతో మొదలెట్టాడు. కూరలు తరిగే కత్తితో ముందు వంటగది చెక్కాడు. పొయ్యి, గిన్నెలు, గోధుమగింజంత గరిటె, అన్నీ అచ్చు అలాగే వచ్చాయి. ఆ తర్వాత ఓడ బయటి రూపం చెయ్యబోతే చెయ్యి ఆగిపోయింది. బయట ఎలా ఉంటుందో ఆయనకి తెలీదు. ఎక్కేటప్పుడు చూడలేదా అంటావేమో. ఎక్కినప్పుడల్లా నెత్తిమీద బియ్యం బస్తా ఉండేది నాన్నా, కాళ్ళకేసి చూసుకుంటూ ఎక్కేవాడు. దిగినప్పుడల్లా సరుకుల కోసం వెనక్కి చూడకుండా పరిగెత్తేవాడు. ఇప్పుడు చూద్దామంటే ఓడే లేదు. ఏదో నాలుగు గోడలు కట్టి నీళ్ళతొట్టిలో వదిలాడు. బోర్లా పడింది. అన్నేళ్ళున్న ఇంటి మొహమైనా చూసుకోలేదే అని ఆ రోజు దాలయ్య ఏడ్చాడు.

మూడోసారి కత్తి పట్టుకోకుండా ఒడ్డుకెళ్ళాడు. అక్కడ మసేను అని ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. తెప్పేసుకుని చేపలవేటకి పోయే మనిషి, మాట తక్కువ.

"ఓడ బయట ఎలా ఉంటుందన్నా?" అని అడిగాడు దాలయ్య.

"ఏ ఓడ?"

"ఎర్ర పొగగొట్టం ఓడ. అప్పుడప్పుడూ ఇటొచ్చి దూరంగా లంగరేసేది."

"దాని ముక్కు మీద సొట్టుండీది" అని మసేను ఇసకలో వేలితో గీశాడు. ఇదిగో ముక్కు, ఇదిగో సొట్ట, ఇదిగో కడుపు. దాలయ్య అల వచ్చి చెరిపేసేదాకా చూశాడు.

అప్పుడు మసేను అన్నాడు, "బయటంతా నాకు తెలుసు. లోపలేటుంటదో తెల్దు. మజ్జేనం అందులోంచి పులుసు వాసనొచ్చీది. తెప్ప మీద సద్దన్నం తింటా ఆ వాసన పీల్చీవోణ్ణి. ఎవుడు వండీవోడో."

"నేనే" అన్నాడు దాలయ్య. "ఇంటికి రా అన్నా, లోపల చూపిస్తాను."

"సూద్దాం" అన్నాడు మసేను.

మర్నాడు దాలయ్య పులుసు పెట్టి ఎదురు చూశాడు. మసేను రాలేదు. రెండో రోజూ రాలేదు. అదంతా కాకులకే పోయింది. మూడో రోజుకి ఆ చెక్కిన వంటగది చుట్టూ ఓడ పూర్తయింది, ముక్కు మీద సొట్టతో సహా. గూట్లో పెట్టుకుని చూస్తే ఆయనకి ఇంకా దిగులేసింది, ఎందుకంటే అందులో ఒక్క మనిషీ లేడు.

అప్పుడు గుమ్మంలో నీడ పడింది. మసేను. రెండు రోజులూ వేటకి పోయానని కూడా చెప్పలేదు. ఓడ పైకప్పు ఎత్తి పొయ్యి చూశాడు, గరిటె చూశాడు. ఆ తర్వాత చేతులు కడుక్కొచ్చి పీట వాల్చుకున్నాడు.

పులుసన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ఇదే" అన్నాడు.

మూడుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. ఆ రోజు దాలయ్య ఇంట్లో గిన్నె అడుగు కనపడింది. కాకులు ఊరికే అరిచి పోయాయి.

ఊఁ కొట్టడం ఆపేశావేం? నిద్దరొచ్చేసిందా? సరే మరి.

ఓడేమో గూటికి, తెప్పేమో నీటికి,
కథేమో కంచికి, కంచాలు కడగడానికి,
నువ్వేమో నా కొంగు కిందికి.