తెర చాటు బేరం

నరసింహస్వామికి ఒక దండం పెట్టుకుని మొదలుపెడుతున్నాను. వెనకవాళ్లు కాస్త ముందుకు జరగండి, కథలో వంకాయ ఉంది, కనబడకపోతే తర్వాత నన్ననకండి.

ఆ ఏడు పద్మగిరిలో వాన పట్టుకుంది, వదలనంది. వేట లేదు, విహారం లేదు. గోకర్ణ మహారాజుకి ఏమీ తోచక, తోచక, చివరికి ఒక ఆట తోచింది.

"కోటలో కుటుంబాలన్నీ ఆడాలి. తాత నుంచి మనవరాలి దాకా! మంత్రిగారి ఇల్లైనా సరే, మావటివాడి ఇల్లైనా సరే!" అన్నాడు.

ఆట పేరు బొమ్మల ఊరు. ఇంటికొక లక్కబొమ్మ జంతువును ఇచ్చారు. వేళకి దానికి మేత పెట్టాలి, నీళ్లు పోయాలి, జోల పాడి పడుకోబెట్టాలి. శ్రద్ధగా చేసినవాళ్లకి లక్క కాసులిస్తారు. ఆ కాసులతో కొత్త బొమ్మలు కొనుక్కోవచ్చు. కోట గుమ్మం దాటితే ఆ కాసుకి చిటికెడు ఉప్పు కూడా రాదు. అయినా అంతంత మీసాల సేనాపతిగారు లక్క ఏనుగును ఒళ్లో వేసుకుని జోల పాడుతుంటే చూడాలి, అంతా స్వామి లీల!

బొమ్మలు మార్చుకోవడానికి మండపంలో ఒక తెర కట్టారు. ఇటొకరు, అటొకరు. పెద్దా చిన్నా తేడా రాకూడదని, ఎవరు ఎవరితో బేరమాడుతున్నారో తెలియని ఏర్పాటు. "తెర దగ్గర ఇష్టపడి ఇచ్చింది మళ్లీ అడగకూడదు" అని రాజుగారే నియమం పెట్టాడు.

ఆ నియమమే కొంప ముంచింది.

ఆట ముగిసే రోజు వచ్చింది. ఘనమైన బొమ్మలున్నవాళ్లకి పట్టపుటేనుగు మీద ఊరేగింపు. కోశాధికారి భుజంగరాయుడు తన బొమ్మల్ని సభలో బారులు తీర్చి, నడుమ రెక్కల గుర్రాన్ని నిలబెట్టి, ఏనుగెక్కడానికి అప్పుడే పంచె సర్దుకుంటున్నాడు.

"సింగమ్మా! అది నా గుర్రం!"

కెవ్వుమన్నది చిన్నారి రాకుమారి ముమ్మాంబ. ఆ పిల్ల పట్టుకుని నిలబడ్డ చెంగు రాణివాసంలో తాంబూలం అందించే సింగమ్మది. వానాకాలమంతా రాకుమారి తాబేలుబొమ్మకి నీళ్లు పోసి, కాసు కాసు కూడబెట్టి కొనుక్కున్న గుర్రమది. అది పోయిన దగ్గర్నుంచి పిల్లకి ముద్ద దిగడం లేదు. ఆ సంగతి సింగమ్మకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు, గోరుముద్దలు పెట్టేది తనే.

"ఎలా పోయిందమ్మా?" అన్నాడు రాజు.

"తెర వెనక ఎవరో తీయగా పిలిచారు నాన్నగారూ. 'చిట్టితల్లీ, నా దగ్గర రెండు తలల గండభేరుండం బొమ్మ ఉంది. ముందు నీ గుర్రం ఇటివ్వు, వెంటనే అటిస్తాను' అన్నారు. ఇచ్చాను. ఇంక పలకలేదు."

భుజంగరాయుడు ఏమాత్రం జంకలేదు. "పాపగారు ఇష్టపడే ఇచ్చారు కదా ప్రభూ! నియమం తమరిదే. అయినా పెద్దమనుషుల ఆటలో నోటిమాట చాలదూ? అడగ్గానే నమ్మి ఇవ్వడమే మర్యాద. చూపించు, చూపించు అనేది సంతలో జనం!"

రాజు చిక్కులో పడ్డాడు. తన నియమం తనే ఎలా తుడిచేస్తాడు?

సింగమ్మ పిల్ల కళ్లు తుడిచింది. గబగబా వంటింటి వైపు వెళ్లి, పట్టుగుడ్డ కప్పిన బుట్టతో తిరిగొచ్చింది.

"రాయలవారూ, మీ ఇన్ని బొమ్మల్లో లేనిది ఒకటి ఈ బుట్టలో ఉంది. బేరానికొస్తారా?"

భుజంగరాయుడి కళ్లు బుట్ట మీద వాలాయి. లేనిదంటే గండభేరుండమే! "ఏం కావాలే సింగీ?"

"రెక్కల గుర్రం. ముందు అది నా చేతిలో పెట్టండి, తర్వాత ఈ బుట్ట మీది."

"ముందు గుడ్డ తియ్యి."

"అదేమిటి దొరా! పెద్దమనుషులకి నోటిమాట చాలదూ?"

"అబ్బో, నన్నే బోల్తా కొట్టిద్దామనా! చూడనిదే చిల్లిగవ్వ కూడా విదల్చను. తియ్యి గుడ్డ!"

"వద్దు దొరా, నమ్మండి."

"తీస్తావా, నన్నే తియ్యమంటావా?" అంటూ చెయ్యి చాపి తనే లాగేశాడు.

బుట్టలో ఒక వంకాయ. నవనవలాడుతూ, తొడిమ కిరీటం పెట్టుకుని దర్జాగా కూర్చుంది.

సభ గొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది భుజంగరాయుడే. మీసం దువ్వాడు, గుండె చరుచుకున్నాడు.

"చూశారా ప్రభూ నా తెలివి! గుడ్డ తీయించాను గనక బతికిపోయాను. వస్తువు చూపించకుండా 'ముందు నువ్వివ్వు' అనేవాళ్లు పచ్చి దొంగలు! అలా లాక్కున్నది బేరమా? దోపిడీ! ఎవరి సొమ్ము వాళ్లకి ఇప్పించి, ఆ మనిషిని సభ నుంచి గెంటించాలి ప్రభూ!"

నవ్వు ఠక్కున ఆగింది. భుజంగరాయుడి చెయ్యి గుండె మీదే ఉండిపోయింది.

సింగమ్మ చేతులు జోడించింది.

"నేను చెప్పాలనుకున్నదీ అదే ప్రభూ. తాంబూలమిచ్చేదాని మాటకి బరువుండదని, కోశాధికారిగారి నోటే చెప్పించాను."

రాజు సింహాసనం మీద మెలికలు తిరిగిపోతూ నవ్వాడు. "తీర్పు భుజంగమే చెప్పాడు, నేను అమలు చేస్తాను, అంతే! తల్లీ, నీ గుర్రం తీసుకో. సింగమ్మా, మళ్లీ ఈ ఆట పెడితే తెర దగ్గర ఏం చెయ్యమంటావు?"

"తెర కింద సందు వదిలి, తిరిగే పళ్లెం ఒకటి పెట్టించండి ప్రభూ. ఇటువాళ్లది ఇటు, అటువాళ్లది అటు పెట్టాలి. ఇద్దరూ కళ్లారా చూసుకుని, ఇద్దరూ సరేనన్నాకే పళ్లెం తిరగాలి. ఒక్కరు కాదన్నా ఎవరిది వాళ్లకే."

"అలాగే! ఇవాళ పట్టపుటేనుగు నీదే, ఎక్కు!"

రాకుమారి అప్పటికే గుర్రాన్ని చంకలో పెట్టుకుని మావటిని కేకేస్తోంది. సింగమ్మ ఆమె వెనక ఎక్కబోతుంటే భుజంగరాయుడు గొణిగాడు. "మరి నాకేమిటి?"

సింగమ్మ వంగి బుట్ట అందించింది.

"వంకాయ ఉంచుకోండి దొరా. చూపించి మరీ ఇస్తున్నాను."