ఖాళీ గడి

దక్షిణామూర్తి మాస్టారిని ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పరు. "ఏదీ, నీ పుస్తకం ఇలా ఇయ్యి" అంటారు. ఆ మాట వింటే మాకు బడిలో హోంవర్కు మర్చిపోయిన రోజులు గుర్తొస్తాయి.

మా ఊరి శివార్లలో, యుద్ధకాలంలో వేసి వదిలేసిన విమానాల రన్‌వే ఒకటుంది. నెలకో ఆదివారం మా కార్ల క్లబ్బు అక్కడ పందాలు పెడుతుంది. మాలో పేరున్న రేసర్లు ఎవరూ లేరు. వారమంతా బ్యాంకుల్లో, షెడ్లలో, కోర్టుల్లో పనులు చూసుకుని, ఆదివారం మాత్రం గాలితో పోటీపడాలనుకునే బాపతు జనం. మైకులో టైములు చదివే పని నాది. నా డ్రైవింగు చూసినవాళ్ళు నన్ను మైకు దగ్గర ఉంచడమే క్షేమమనుకున్నారు.

ఇలాంటి చోట పాతికేళ్ళ బుల్లి కారూ, మొన్న ఓడ దిగిన విదేశీ కారూ ఒకే రోజు పరుగెత్తుతాయి. ఎవరు తక్కువ టైములో వచ్చారని మాత్రమే చూస్తే గెలిచేది కారే, మనిషి కాదు. అందుకని మాస్టారు ఇరవై ఏళ్ళ కిందట ఒక పద్ధతి పెట్టారు. పొద్దున్నే ప్రతి కారునూ ఆయనే ఒక చుట్టు తిప్పుతారు. ఆ టైమే ఆ కారుకు కొలత. తర్వాత సొంతదారు దానికంటే ఎంత తొందరగా తిప్పితే అంత గొప్ప. ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి, అందరి కార్లనూ ఒకే చేత్తో నడిపే మనిషి. ఆ కొలతను వేలెత్తి చూపినవాడు లేడు.

ఆ రోజు పందెం మామూలుది కాదు. గెలిస్తే పెద్ద ట్రాకు మీద పది రోజుల ఉచిత శిక్షణ, ఒక్కరికే. ఇరవై తొమ్మిదేళ్ళు నిండినవాళ్ళకు లేదు. చివరికి ఇద్దరు మిగిలారు. ఖాజావలీ బస్టాండు వెనక షెడ్డులో మెకానిక్కు. తుక్కుకు పోవాల్సిన బుల్లి కారును తెచ్చి, మూడేళ్ళు కష్టపడి తన చేత్తో బాగుచేసుకున్నాడు. వచ్చే నెలకు అతనికి ఇరవై తొమ్మిది నిండుతాయి. రెండోవాడు గ్రానైటు వ్యాపారి కొడుకు ప్రత్యూష్. విదేశీ కారు అతనిదే. కుర్రాడు మంచివాడు, నడపడమూ వచ్చు.

టైములు వచ్చాయి. మాస్టారి కొలతకంటే ఖాజావలీ ఒక సెకనూ రెండు పదోవంతులు ముందున్నాడు. ప్రత్యూష్ రెండు సెకన్లు ముందున్నాడు. ఖాజావలీ వెళ్ళి బానెట్ ఎత్తి లోపలికి చూస్తూ నిలబడ్డాడు, తప్పంతా ఇంజనుదే అన్నట్టు.

నేను మైకు నోటి దగ్గర పెట్టుకునేసరికి సుకీర్తి పరుగున వచ్చింది. నాలుగేళ్ళుగా మాస్టారి దగ్గర డ్రైవింగూ, టైము లెక్కా నేర్చుకుంటున్న శిష్యురాలు. రన్‌వే చివరి మలుపు దగ్గర నిలబడటం ఆమె పని. మలుపుకు ముందు నేల మీద వరసగా మూడు సున్నపు గీతలుంటాయి. ఏ కారు వెనక ఎర్రలైటు ఏ గీత దగ్గర వెలిగిందో, అంటే ఎవరు ఎక్కడ బ్రేకు వేశారో, ఆమె పుస్తకంలో రాస్తుంది. మొదటి గీత దగ్గరే వేసేవాడు పిరికివాడు, మూడోదాకా ఆగేవాడు మొండివాడు. వేగం ఎక్కువున్న కారుకు బ్రేకులూ అంత గట్టివి గనక ఏ కారుకైనా ఈ లెక్క చెల్లుతుంది.

"మాస్టారూ, కార్లు వేరువేరైనప్పుడు నడిపే మనిషిని న్యాయంగా కొలవడం ఎలాగండీ?" అంది.

నాలుగేళ్ళు చేసిన పనిని ఇప్పుడు మళ్ళీ అడుగుతోందేమిటని నాకు నవ్వొచ్చింది. ఆమె మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"ఏదీ, నీ పుస్తకం ఇలా ఇయ్యి," అన్నారు మాస్టారు. పేజీ చూశారు. ప్రతి పేరు ఎదుటా గీత నంబరు ఉంది. అన్నిటికంటే పైన ఉన్న తన పేరు ఎదుట మాత్రం గడులన్నీ ఖాళీ.

"ఇవి నింపలేదేం?"

"మీవి ఎప్పుడూ రాయం కదండీ. కొలతే మీరు."

"రాయలేదు, సరే. చూశావా, చూడలేదా?"

ఆమె తల దించుకుంది. నాకు ఆమె మీద కోపమొచ్చింది. పెద్దాయన్ని పట్టుకుని ఈ పిల్ల చేసే పనేమిటనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మాస్టారు ఆ ఇద్దరి దగ్గరా తాళాలు అడిగి పుచ్చుకున్నారు. "వెళ్ళి నీ చోట నిలబడు. చూసింది చూసినట్టు రాయి. ఈయన మైకులో చదువుతాడు," అన్నారు. ముందు బుల్లి కారు తిప్పారు, తర్వాత విదేశీ కారు, పొద్దున తిప్పినట్టే. సుకీర్తి రాసిన కాగితం నా చేతికొచ్చింది.

"మాస్టారు. బుల్లి కారు, మూడో గీత," అని చదివాను. తర్వాతి వరస చూసి మైకు కిందికి దించాను. ఆయన కారు దిగి, కానియ్యమన్నట్టు నావైపు చెయ్యి ఊపారు. "విదేశీ కారు, మొదటి గీతకు ముప్పై అడుగుల ముందు."

బుల్లి కారులో ఆయన పాత మాస్టారే. వేగం పెరిగేసరికి మాత్రం డెబ్భై రెండేళ్ళ కళ్ళు బెదురుతున్నాయి. ఆయన అక్కడ పోగొట్టుకున్న టైమంతా పెద్ద కార్లవాళ్ళ గొప్పలో కలిసిపోతోంది.

"ఆ మలుపు ఈమధ్య నాకు కాస్త ముందే వచ్చేస్తోంది," అన్నారు మాస్టారు. తాళాలు సుకీర్తి చేతిలో పెట్టి, "నువ్వు తిప్పు," అన్నారు.

"నేనా? మీ అంత బాగా నాకెక్కడ..."

"నా అంత అక్కర్లేదు. రెండిటినీ ఒక్కలా తిప్పు."

ఆమె తిప్పింది. కొత్త కొలతతో చూస్తే ఖాజావలీ ఒక సెకనూ ఎనిమిది పదోవంతులు ముందున్నాడు, ప్రత్యూష్ ఒక సెకనూ ఒక పదోవంతు.

"అయితే ఇన్నాళ్ళూ నేను గెలిచినవన్నీ?" అన్నాడు ప్రత్యూష్, మొహం ఎర్రబడి.

"కొన్ని నీవి, కొన్ని నావి నాయనా," అన్నారు మాస్టారు.

ఖాజావలీ గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చాడు. "మీ పరువు తీసి వచ్చే సీటు నాకొద్దు సార్."

"నా పరువు సంగతి నాకొదిలెయ్. వెళ్ళి బట్టలు సర్దుకో."

అందరూ కదిలాక సుకీర్తి కళ్ళు తుడుచుకుని మాస్టారి దగ్గర పుస్తకం తీసుకుంది. పైన మాస్టారి పేరు కింద ఆమె పేరు కొత్తగా చేరింది. ఎదుట మాస్టారి చేతిరాతతో, బుల్లి కారు రెండో గీత, విదేశీ కారు రెండో గీత అని ఉంది. పక్కనే చిన్న అక్షరాల్లో, "మలుపులో గేరు ఆలస్యం" అని కూడా ఉంది. ఆమె కారు తిప్పుతున్నంతసేపూ ఆయన ఆ ఎండలో మలుపు దగ్గర నిలబడ్డారన్నమాట.

"మీ గడి గౌరవం కొద్దీ వదిలేశానండీ," అంది మెల్లగా.

"తెలుసమ్మా," అన్నారు మాస్టారు. "అంత గౌరవం నేను నీకు చెయ్యను."