బుల్లెమ్మకి నీళ్ళ యంత్రం

సూరీడమ్మకి ఒక్కటే గర్వం. వీధి మొత్తానికి, చెప్పిన మాట చెప్పినట్టు అర్థం చేసుకునే బుర్రలు మూడే ఉన్నాయని, ఆ మూడూ తనింట్లోనే ఉన్నాయని. ఒకటి తనది, ఒకటి మొగుడు పోలినాయుడిది, మూడోది తమ్ముడు గవరయ్యది. వీధివాళ్ళు ఎన్నడూ కాదనలేదు. కాదనడానికి నవ్వు ఆగితే కదా!

ఒకరోజు గవరయ్య పాత కంప్యూటరొకటి తెచ్చాడు. అందులో ఒక ఆట. ఎక్కడో ఎడారి గ్రహంలో, నేల కింద గుహలో ముగ్గురు బుల్లి మనుషులుంటారు. వాళ్ళ గాలి, తిండి, నీళ్ళు మనమే చూడాలి. ముగ్గురిలో ఎర్రగౌను పిల్లని చూడగానే సూరీడమ్మకి ప్రాణం లేచొచ్చింది. పిల్లల్లేని ఇల్లు మరి. బుల్లెమ్మ అని పేరు పెట్టేసుకుంది.

అంతలో తెరమీద ఎర్రక్షరాలు పడ్డాయి: ‘నీళ్ళు అయిపోతున్నాయి.’

“ఓలమ్మో, నా బుల్లెమ్మ దాహంతో పోతాది!” అని సూరీడమ్మ లబోదిబోమంటూ చెంబుడు నీళ్ళు తెచ్చి తెర ముందు పెట్టింది. ఎవరూ తాగలేదు.

“మనం సూస్తన్నామని సిగ్గే,” అన్నాడు పోలినాయుడు. అంతే, ముగ్గురూ బయటికెళ్ళి తలుపేసి నిలబడ్డారు. గంటాగి వచ్చి చూస్తే చెంబు నిండుగానే ఉంది. బుల్లెమ్మ మాత్రం నాలుక బయటపెట్టి కూలబడింది.

ఇంకేముంది, ఆటలోనే దారి వెతికారు. నీళ్ళు పుట్టించే యంత్రం ఒకటుందట. నేలలోంచి ఎగదన్నే ఆవిరిని చల్లారిస్తే నీళ్ళవుతాయి. ఆ నీళ్ళు పడి చక్రం తిరుగుతుంది. చక్రం తిరిగితే కరెంటొచ్చి యంత్రం నడుస్తుంది. దానంతట అదే! తెర ఎక్కడ నొక్కమంటే అక్కడ నొక్కి గవరయ్య యంత్రం కట్టేశాడు.

‘ఆవిరిని చల్లబరచండి’ అంది తెర.

పోలినాయుడు విసనకర్ర తెచ్చి దాంతో తెరకి గాలి విసిరాడు. గవరయ్య కంప్యూటరు నెత్తిన తడిగుడ్డ వేశాడు. లోపల ఆవిరి దాని పాటికది చల్లారింది. పోలినాయుడు మీసం దువ్వుకున్నాడు.

నీళ్ళు ధారకట్టాయి. బుల్లెమ్మ దోసిలి పట్టి తాగుతుంటే సూరీడమ్మకి సంతోషంతో ఏడుపొచ్చేసింది.

‘ఇక యంత్రాన్ని ముట్టుకోకండి. దానంతట అదే నడుస్తుంది’ అంది తెర.

“నీవి దురద సేతుల్రా,” అని సూరీడమ్మ తమ్ముడి చేతులు తువ్వాలుతో వెనక్కి కట్టేసింది. కాసేపటికి మళ్ళీ అక్షరాలు: ‘ట్యాంకు నిండింది. యంత్రం ఆపండి.’

“అదేటి? వొద్దన్నాదీ అదే, ఆపమన్నాదీ అదే?” అన్నాడు పోలినాయుడు.

“ముందు సెప్పిందే మాట బావా. దాన్లాగ మనమూ మాట మారిస్తే ఎలాగ?” అన్నాడు గవరయ్య.

నీళ్ళు బుల్లెమ్మ మోకాళ్ళకొచ్చాయి. నడుముకొచ్చాయి. మెడకొచ్చాయి. బుల్లెమ్మ చేతులూపింది.

“టాటా సెప్తందక్కా!”

సూరీడమ్మ మురిసిపోయి తనూ చెయ్యూపింది. కానీ పిల్ల ముక్కు మునిగేసరికి కెవ్వుమంది. “ముట్టుకోవొద్దన్నాది యంత్రాన్ని కదా, డబ్బాని కాదు కదా! కన్నం పెట్టయ్యా, నీళ్ళు దిగిపోతాయి!”

అంతే, పోలినాయుడు కంప్యూటరు డబ్బా అడుగున మేకు దిగ్గొట్టాడు. ఢామ్మంది. తెర నల్లబడింది. కింద పెట్టిన గంగాళంలో చుక్క పడలేదు.

“లోపల కరెంటు పోయినట్టుంది. సీకట్లో దారి తెలీక తడుముకుంటన్నారు,” అన్నాడు పోలినాయుడు.

సూరీడమ్మ కన్నం దగ్గర దీపం పెట్టింది. అగ్గిపుల్లలతో నిచ్చెన కట్టి ఆనించింది. పాతచీర చింపి మూడు బుల్లి తువ్వాళ్ళు చేసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఆడపిల్ల తడిబట్టల్తో వొస్తాది. మగోళ్ళు మీరిద్దరూ అటు తిరగండి,” అంది.

అంతే, ఇద్దరూ గోడవైపు తిరిగి కూర్చున్నారు. సూరీడమ్మ చెప్పేదాకా ఇటు తిరిగేది లేదట. మూడు వారాలయింది. అన్నం కూడా ఆవిడ గోడకీ వాళ్ళకీ మధ్యనే వడ్డిస్తోంది.