ఉప్పు లేని పులుసు

"ఇంతమంది తమ నోటితోనే తగ్గిందని చెబుతున్నారు కదండీ. ఇంతకు మించి ఏం రుజువు కావాలి?" అని నీలాద్రి ఒకనాడు గురువుగారిని నిలదీసినంత పని చేశాడు.

ఏకాంబరయ్యగారు వంశధార ఒడ్డున మనసు చెదిరినవాళ్ళకు వైద్యం చేసేవారు. భయాలు పట్టుకున్నవాళ్ళు, నిద్ర కరువైనవాళ్ళు, దిగులుతో తిండి మానేసినవాళ్ళు ఆయన ఇంటికి వచ్చి, అక్కడే తిని, అక్కడే పడుకుని, నెమ్మదించాక వెళ్ళేవారు. ఆయనకొక అలవాటు ఉండేది. తన ఇంట అన్నం తింటున్న రోగిని "నీకెలా ఉంది?" అని ఎన్నడూ అడిగేవారు కాదు. శిష్యులకు అది వింతగా తోచేది. పెద్దతనం కదా, ఏదో చాదస్తమనుకుని ఊరుకునేవారు.

నీలాద్రి చురుకైనవాడే గాని ఒట్టి తొందర మనిషి. నీళ్ళంటే హడలిపోయేవాళ్ళ కోసం అతనొక సాధన కనిపెట్టాడు. మొదట పళ్ళెంలో నీళ్ళు పోసి వేళ్ళు ముంచమంటాడు. కొన్నాళ్ళకు గంగాళంలో చేతులు పెట్టమంటాడు. ఆపైన రేవు మెట్ల మీద కూర్చోబెట్టి, తానూ పక్కనే కూర్చుని, తోడబుట్టినవాడికన్నా మెత్తగా మాట్లాడతాడు. రోజూ పొద్దున్నే "భయం తగ్గిందా తల్లీ?" అని అడుగుతాడు. అందరూ తగ్గిందనే అన్నారు. ఈ సాధన అందరికీ నేర్పిద్దామని అతను ఎప్పుడు ఎత్తినా, గురువుగారు "చూద్దాం" అనేవారు. ఆ "చూద్దాం" వినీ వినీ అతనికి ఒళ్ళు మండిపోయింది. తన పేరు పైకి రావడం ఈయనకు ఇష్టం లేదేమో అని కూడా అనుకున్నాడు, పాపం.

ఆ రోజు మరీ మండటానికి కారణం పైడితల్లి. ఆమె పడవ నడిపే లచ్చన్న పెళ్ళాం. పెద్దకొడుకు ఏట్లో పోయినప్పటి నుంచి పడవెక్కితే చాలు, ఆమె తనలో తాను ఉండదు. కిందటిసారి నడి ఏట్లో ఉన్నట్టుండి లేచి నిలబడింది. పడవ ఒరిగిపోయి అందరూ చచ్చి బతికారు. నీలాద్రి ఆమె చేత నెలల తరబడి సాధన చేయించాడు. ఆ మధ్యాహ్నమే లచ్చన్న ఆమెనూ, ఒళ్ళోని చంటిపిల్లనూ ఏరు దాటించి ఇంటికి తీసుకుపోవాలి. నిక్షేపంగా తీసుకుపొమ్మని చెప్పినవాడు నీలాద్రే. ఆమె సంగతి చెప్పినా గురువుగారు మళ్ళీ ఆ "చూద్దాం" అనే అన్నారు.

"ఆమెకు తగ్గిందని ఎవరు చెప్పారు?" అన్నారు గురువుగారు.

"ఆమే చెప్పిందండీ."

"అడిగిందెవరు?"

"నేనే. ఇంకెవరు అడుగుతారు?"

గురువుగారు వంటింట్లోకి వెళ్ళి భార్య చిట్టెమ్మగారితో ఏదో చెప్పి వచ్చారు. కాసేపటికి ఆకులు వేశారు. ఆనపకాయ పులుసు. నీలాద్రి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, మొహం మాడింది. ఉత్త చప్పిడి. ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడిన చిట్టెమ్మగారు, పులుసు ఎలా కుదిరింది నాయనా అని కన్నతల్లిలా అడిగారు. బ్రహ్మాండంగా ఉందమ్మా అన్నాడు. ఆవిడ ఇంకో గరిటె పోశారు. దాన్నీ కిక్కురుమనకుండా మింగాడు.

"అందులో నేను ఉప్పు వేయలేదు నాయనా. మీ గురువుగారు వద్దన్నారు. నీకు తెలియలేదా?"

నీలాద్రికి తల కొట్టేసినట్టయింది. "తెలిసిందమ్మా. మీరు అంత ఆప్యాయంగా అడుగుతుంటే, బాగాలేదని ఎలా..."

మాట సగంలోనే ఆగింది. అతను ఎంగిలి చేత్తోనే లేచి రేవుకు పరుగెత్తాడు.

అప్పటికే లచ్చన్న పడవ తాడు విప్పుతున్నాడు. పైడితల్లి నడుమ పీట మీద పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పడవ కొసన ఎవరో పొరుగూరి ముసలాయన తన కుండలు సర్దుకుంటున్నాడు. నీలాద్రి రొప్పుతూ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, నిజం చెప్పు తల్లీ, భయంగా ఉందా అని అడిగాడు. ఆమె మొహమంతా నవ్వు చేసుకుని, బాగానే ఉన్నాను బాబూ అంది. అంటూనే పిల్లను ఎంత బిగించి పట్టుకుందంటే, అది గుక్కపట్టి ఏడ్చింది.

నీలాద్రికి సంగతి అర్థమైంది. తాను వెయ్యిసార్లు అడిగినా ఆమె ఆ మాటే చెబుతుంది. లచ్చన్న గడ ఎత్తాడు. ఒక్క క్షణం ఆగమని అతన్ని బతిమాలి, నీలాద్రి ముసలాయన చెవిలో ఏదో చెప్పాడు. వెళ్ళిపోతున్నట్టు గట్టెక్కి, ఆరేసిన వలల చాటున నక్కాడు.

ముసలాయన కుండలు సర్దుతూనే, ఏటమ్మా అలాగున్నావు, బయమేస్తందా అని అడిగాడు. పైడితల్లి గట్టువైపు చూసింది. అక్కడ ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక ఆమె మొహంలోని నవ్వు చెరిగిపోయింది.

"పానం కొట్టుకుంతంది అన్నా. ఏట్లోకి దూకెయ్యాలనిపిస్తంది. ఆళ్ళింటి కూడు తిన్నాను. ఆ బాబు నాకోసం అంత కష్టపడ్డాడు. తగ్గనేదని ఆ మొగం మీద ఏ నోటితో సెప్పీది?"

వలల వెనక నీలాద్రి ఇసుకలో కూలబడ్డాడు. లచ్చన్న గడ కింద పడేసి, పిల్లను లాక్కుని, పెళ్ళాన్ని చెయ్యి పట్టి ఒడ్డుకు దించాడు. ఒక్క గడపోటు పడి ఉంటే పడవ లోతుకు పోయేది. ఆ తరవాత ఏం జరిగేదో తలచుకుంటే నీలాద్రికి ఏడుపు ఆగలేదు.

దీపాలు పెట్టిన వేళ మళ్ళీ ఆకులు వేశారు. పైడితల్లి కూడా పిల్లతో పంక్తిలో కూర్చుంది. మధ్యాహ్నం పులుసునే ఉప్పు వేసి మరిగించి తెచ్చారు చిట్టెమ్మగారు. ఇప్పుడెలా ఉంది నాయనా అని అంతే ఆప్యాయంగా అడిగారు. నీలాద్రి ముద్ద మింగి, ఆవిడ మొహం వంక చూశాడు. బాగుందమ్మా అనే మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. దాన్ని బలవంతాన ఆపుకున్నాడు.

"ఉప్పు ఎక్కువైందమ్మా," అన్నాడు.

ఏకాంబరయ్యగారు ఆ రోజల్లా మొదటిసారి తలెత్తి అతని వంక చూశారు.

"తిని, చెయ్యి కడుక్కుని రా. నీ సాధన సంగతి మాట్లాడుకుందాం."