కోసి చూసిన తాడు

చెట్టుకొమ్మలు కొట్టే లాలప్పకు తాడంటే భయం పట్టుకుంది. నడుముకు కట్టుకుని చెట్టెక్కే తాడును ఎప్పుడూ అతనే ఏరేవాడు. పోయిన వానాకాలంలో అతను ఏరిచ్చిన తాడు తెగి ఉసేనప్ప చచ్చిపోయాడు. పైకి నిగనిగలాడిన తాడు లోపల చివికిపోయి ఉంది. ఉసేనప్ప అతని జోడీ. గురువు దస్తగిరి స్వామికి ఒక్కగానొక్క కొడుకు.

స్వామి కొండమీది దర్గా చూసుకునే ఫకీరు. ఇద్దరికీ చెట్టెక్కడం నేర్పిందీ, దేవుణ్ణి తలుచుకోవడం నేర్పిందీ ఆయనే. కొడుకును పూడ్చిన రోజు నుంచి ఆయన లాలప్పను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని లాలప్ప లోలోపల కుమిలిపోయాడు. అన్నం సయించడం లేదు. బతుకు మీదే విసుగు పుట్టింది.

ఈలోగా గాలికి దర్గా దగ్గరి చింతచెట్టు పెద్దకొమ్మ చీలి వేలాడింది. సరిగ్గా దాని కింద రోగులు పడుకునే రేకుల పంచ. ఎంత తరిమినా నీడ కోసం మళ్లీ అక్కడికే చేరుతున్నారు. చావుకు భయపడి దర్గాకొచ్చినవాళ్లు ఆ కొమ్మకు మాత్రం భయపడరు.

ఆ కొమ్మ కొట్టడానికని లాలప్ప రెండు కొత్త తాళ్లు ముందేసుకుని పొద్దుటి నుంచి కూర్చున్నాడు. బెత్తెడు బెత్తెడు పురి విప్పి చూస్తాడు, వాసన చూస్తాడు, గుంజుతాడు, మళ్లీ మొదటికొస్తాడు. చివరికి ఏడ్చేశాడు.

"నాతో కాదు సామీ. లోపల ఎట్లుందో నాకేం తెలుసు? ఇది తెగదని నువ్వు చెప్పు, ఎక్కుతా."

స్వామి కొడవలి తీసుకుని రెంటిలో మంచిదిగా కనబడేదాన్ని నడిమికి కోసేశాడు. కోసిన చోట పురులు విప్పి చూపించాడు. లోపల ప్రతి పోగూ తెల్లగా, గట్టిగా ఉంది.

"శానా మంచి తాడు సామీ!" అన్నాడు లాలప్ప. ఎన్నాళ్లకో అతని మొహం తేటపడింది.

"తెలిసింది కదా. ఎక్కు."

లాలప్ప చేతిలో రెండు ముక్కలున్నాయి. ఏది కట్టుకున్నా సగం చెట్టుకు కూడా చాలదు. అతని మొహం మళ్లీ వాడిపోయింది. మిగిలిన తాడు వంక చూశాడు.

"మరి దీన్ని కోయకుండా ఎట్ల తెలుస్తాది?"

"తెలీదు," అన్నాడు స్వామి.

ఆయన తలపాగా తీసి పక్కన పెట్టాడు. లుంగీ ఎగ్గట్టాడు. చెట్టు మొదట్లో నిలబడి, తన నడుముకు లాలప్ప ఆ తాడు కట్టడానికి వీలుగా రెండు చేతులూ పైకెత్తాడు.

"నువ్వెక్కుతావా? వద్దు సామీ, నీ కాళ్లు పట్టుకుంటా. నా చేత్తో ఇంకో తాడు ఇయ్యలేను. ఉసేనికి..."

"ఉసేనికీ తెలీదు నాయనా. నువ్విచ్చినావని కట్టుకున్యాడు."

స్వామి ఎత్తిన చేతులు దించలేదు.

"కట్టు," అన్నాడు.