నల్లరేవు తాటాకు

అనగా అనగా, ఏరు దాటితేనే ఊరు కనపడే కాలంలో, కందవరం అనే రాజ్యం ఉండేది. అక్కడి సంతపేటలో ఒక రాతి మండపం. దాని నిండా దారుల గురించి, రేవుల గురించి, మందుమొక్కల గురించి రాసిన తాటాకులు. తెలిసినవాళ్లు ఎవరైనా రాయవచ్చు, తప్పుంటే ఎవరైనా దిద్దవచ్చు. రాజుగారి కట్టడి ఒక్కటే: దిద్దినవాడు కొత్త ఆకు మీద తన పేరు రాసి పైన కట్టాలి. పాత ఆకును చింపకూడదు.

గవరయ్య ఉప్పు వర్తకుడు. పెరికెద్దుల మీద ఉప్పు వేసుకుని తమ్ముడు చెన్నప్పతో ఊరూరా తిరిగేవాడు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది తనే.

ఒకనాడు ఆకాశం నిండా మబ్బులు కమ్మాయి. ఉప్పు తడిస్తే మిగిలేది నీళ్లే. గవరయ్య గబగబా మండపానికి వచ్చి, దారిలో ఏరు దాటాల్సిన నల్లరేవు గురించిన ఆకు చూశాడు. "నీళ్లు మోకాటి లోతు. ఎద్దులు సుఖంగా దాటును" అని ముత్యాల్లాంటి అక్షరాలు.

"అన్నా, దీని కింద చాలా ఆకులున్నాయి. ఒకసారి తిప్పి చూద్దామా?" అన్నాడు చెన్నప్ప.

"తప్పులనేగా దిద్దారు, పాత మాటలతో పనేముంది? నడువు!"

మండపం చూసుకునే తిమ్మక్క అడ్డం వచ్చింది. "అయ్యా, అన్నిసార్లు దిద్దారంటే అక్కడేదో పేచీ ఉన్నట్టే." గవరయ్య ఆగలేదు.

రేవు చేరాక అవతలి ఒడ్డున జాలరులు చేతులూపుతూ కేకలేశారు. "పడవ కూలి కోసం అరుస్తున్నార్లే" అన్నాడు గవరయ్య.

అన్న మాట జవదాటని చెన్నప్ప ముందున్న ఎద్దు పగ్గం పట్టుకుని నీళ్లలో దిగాడు. నడి ఏట్లో ఊబి. ఎద్దు కూరుకుపోయింది. పగ్గం వదలమని అన్న గొంతు చించుకుని అరిచేలోగా తమ్ముడూ కూరుకుపోయాడు. జాలరులు పడవేసుకుని వచ్చేసరికి అక్కడ సుడి తప్ప ఏమీ లేదు.

కర్మకాండ ముగిశాక గవరయ్య మండపానికి వచ్చి ఆకులు తిప్పాడు. "వరదకు ఊబి పడింది, దిగవద్దు" అని జాలరుల రాత. దాని మీద "మోకాటి లోతే" అని విరూపన్న రాత. మళ్లీ జాలరులు, మళ్లీ విరూపన్న. హెచ్చరిక రాసినవి ఎన్నో చేతులు. వాటిని కప్పేసింది ఒక్కటే చేయి.

"ఎవరీ విరూపన్న?"

"నల్లరేవు దారిలో పూటకూళ్ల ఇల్లు నడుపుతాడయ్యా" అంది తిమ్మక్క. "జనం వేరే రేవుకు పోతే వాడి పొయ్యి వెలగదు. నేనూ గట్టిగా చెప్పాల్సింది."

రాజు విచారించి విరూపన్నను దేశం దాటించాడు. న్యాయం జరిగిందని సభ అంతా మెచ్చుకుంది. గవరయ్యకు మాత్రం తలెత్తబుద్ధి కాలేదు. అబద్ధం వాడిదే. నిజం కూడా ఆ కట్టలోనే, చేతికందేంత దూరంలో ఉంది. తిప్పి చూడనిది తనే.

అందుకే పెద్దలంటారు: పది మంది రాసిన మాటను పైపైన చూసి నమ్మరాదు; ఎవరు రాశారో, ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో చూసి నమ్మాలి.