తిరుపాలు గీసిన గీత

ఆ పొద్దున తిరుపాలుకు ఏడవడం ఒక్కటే తక్కువ. నారాయణమ్మ కిడ్నీలోంచి తీసిన చీము పూసి, క్రిమి పెరుగుతుందేమోనని పెట్టిన ల్యాబు ప్లేటులో మళ్లీ బూజు పట్టింది.

నారాయణమ్మ ఇడ్లీలమ్ముకునే మనిషి. ఏళ్ల తరబడి షుగరు. ఒక కిడ్నీకి చీము పట్టి, ఎన్ని మందులెక్కించినా జ్వరం దిగడం లేదు. ఏ క్రిమి పట్టిందో ల్యాబు చెప్పకపోతే మర్నాడు ఆ కిడ్నీ తీసెయ్యడమే అన్నారు సర్జన్లు. చెప్పాల్సినవాడు తిరుపాలు.

ఆ పెద్దాసుపత్రి ల్యాబులో అతనంత శుభ్రంగా పనిచేసేవాడు లేడని పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం. ప్లేటులో బూజు కనబడితే, గాలిలోంచి పడిన చెత్తేనని, పనిచేసినవాడి చెయ్యి శుభ్రం లేదని అక్కడ అందరూ అనుకుంటారు. అందుకే మొదటిసారి లాగే ఈసారీ గుట్టుచప్పుడు కాకుండా దాన్ని ఎర్ర బకెట్లో వేసి, 'ఏమీ పెరగలేదు' అని రాయబోయాడు.

"ఏమప్పా, ఏం పారేస్తివి?" అంటూ వచ్చారు ప్రొఫెసర్ ఖాసింపీరా గారు. తిరుపాలుకు పని నేర్పిన గురువు. అతనికి పెళ్లి సంబంధాలు కూడా ఆయనే వెతుకుతున్నారు.

"బూజు సార్. గాలిలోంచి పడింది."

ఆయన తిట్టలేదు. గ్లవుజులు తొడుక్కుని ప్లేటు బయటికి తీశారు. శిష్యుణ్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి చేతికి పెన్ను ఇచ్చారు.

"తీగతో చీము పూసేటప్పుడు లోపల ఎట్లా గీస్తివో, ఈ అద్దం మూత మీద అట్లే గియ్యి."

రోజూ గీసే మెలికలే కదా అని తిరుపాలు చకచకా మొదలుపెట్టాడు. మొదటి మెలిక కింద తెల్లటి బూజు. రెండో మెలిక కిందా బూజే. గీత ఎటు తిరిగితే బూజూ అటే తిరిగింది. గీత పక్కన ప్లేటంతా కడిగినట్టు శుభ్రంగా ఉంది.

పెన్ను ఆగిపోయింది.

"నీ చెయ్యి శుభ్రమైందే అప్పా," అన్నారాయన భుజం తట్టి. "చల్లిన చోటే మొలిచింది."

తిరుపాలు లేచి సర్జన్లకు తనే ఫోన్ చేశాడు. "బూజే సార్, కిడ్నీలోనిదే. మొదటిసారీ ఇదే వచ్చింది. నేనే పారేశాను."

ఆపరేషన్ ఆపారు. బూజుకు మందు మొదలుపెట్టారు. జ్వరం మెల్లగా దిగింది, కిడ్నీ నిలిచింది.

ఇంటికెళ్లాక నారాయణమ్మ గిన్నె నిండా ఇడ్లీలు పంపింది, జబ్బు కనిపెట్టినాయనకు ఇమ్మని. గురువు గారి గదిలో తిరుపాలు గిన్నె ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

"ఈ చేత్తో ఎట్లా తినేది సార్?"

ఖాసింపీరా గారు లేచి చేతులు కడుక్కుని వచ్చారు. ఒక ముక్క తుంచి అతని నోటి దగ్గర పెట్టారు.

"అయితే నా చేత్తో తిను."